గోడవైపు కుర్చీ

జూన్ 9

ఈరోజు సౌండ్ క్లాసులో మాస్టారు జట్లు చదివారు. జట్టుకు ఇద్దరు. పన్నెండు నిమిషాల శబ్దనాటకం చేయాలి. మాటలు పది వాక్యాలు దాటితే మార్కులు కోసేస్తారట, మిగతా కథంతా చప్పుళ్ళే చెప్పాలి. నా జతగాడు ఆవులింత. వాడి అసలు పేరు క్లాసులో ఎవరికీ గుర్తున్నట్టు లేదు. మొదటి ఏడాది మొదటి రికార్డింగులో వాడి ఆవులింత ఒకటి పడింది. దాన్ని తీసేయడం ఎవరి వల్లా కాలేదు. పేరు అక్కడే స్థిరపడింది.

వాడు రికార్డింగు, నేను మిక్సింగు. అన్ని చప్పుళ్ళనూ కలిపి, ఏది ఎంత వినపడాలో, ఏది ఏ పక్క నుంచి రావాలో తేల్చేది మిక్సింగే. "ఈ బ్యాచ్‌లో మంచి చెవి ఈ అమ్మాయిది, మిక్సింగ్ ఈమే చూస్తుంది" అన్నారు మాస్టారు అందరి ముందూ. నేను తల దించుకుని ఏదో రాసుకుంటున్నట్టు నటించాను. లోపల మాత్రం ఉబ్బి తబ్బిబ్బయ్యాను. మిక్సింగ్ ఎవరిది బాగుంటే వాళ్ళను ఆయన తన పాత స్టూడియోకు పంపిస్తారు. పని నేర్పుతారు, జీతమూ ఇస్తారు. ఆ ఒక్క చోటు నాకు కావాలి. ఇంకెవరికి వచ్చినా నేను ఊరుకోను. డైరీ కాబట్టి ఇంత సూటిగా రాసుకోవచ్చు.

ఇంట్లో చెప్పాను. నాన్న బస్సు నడుపుతాడు, ఆయన మాట కూడా బస్సు చివరి సీటు దాకా వెళ్ళే మాటే. "మా డిపోలో అడిగారమ్మా, అమ్మాయి ఏం చదువుతోందని. చప్పుళ్ళు చేయడం అన్నాను. అది పుట్టినప్పుడే వచ్చుగా, మళ్ళీ చదవడమెందుకు అన్నారు." తమ్ముడు పడీపడీ నవ్వాడు. అమ్మ ఏదో అంది, మెల్లగా. అమ్మ ఎప్పుడూ మెల్లగానే మాట్లాడుతుంది.

మళ్ళీ నా కుర్చీలో కూర్చుంది.

జూన్ 11

కుర్చీ సంగతి రాసేస్తే గానీ మనసులోంచి పోయేలా లేదు.

మా భోజనాల బల్ల ఒక కొస గోడకు ఆని ఉంటుంది. అటు రెండు కుర్చీలు, ఇటు రెండు. నాది గోడ ఎడమ చేతికి వచ్చే కుర్చీ. అటువైపు ఎవరూ ఉండరు, మోచెయ్యి తగలదు, హాయిగా ఉంటుంది. నాన్న నాకు ఎదురుగా. అమ్మ నా పక్కన, కుడివైపు. నాకు మూలగా, బల్ల రెండో కొసన, వంటగది వాకిలి పక్కన ఉన్నది తమ్ముడి కుర్చీ. అందులో కూర్చున్నవాళ్ళే లేచి నీళ్ళు తేవాలి, ఉప్పు తేవాలి, గరిటె తేవాలి. అందుకే ఇంట్లో అందరికన్నా చిన్నవాడికి దక్కింది.

ఇదీ పద్ధతి. ఈమధ్య నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి అమ్మ నా కుర్చీలో ఉంటోంది. లేవమంటే "ఒక్క పూటకేం పోయిందే" అంటుంది. లాండ్రీలో పొద్దుటి నుంచి నిలబడి వచ్చిన మనిషితో కుర్చీ కోసం ఏం గొడవ పడతాను. పక్కన కూర్చుంటాను. తనలో తను ఏదో గొణుక్కుంటూ ఉంటుంది, సగం అర్థం కాదు.

జూన్ 14

కథ కుదిరింది. అద్దె ఇల్లు ఖాళీ చేసే రోజు. ఇద్దరు అక్కాచెల్లెళ్ళు, రేపటి నుంచి ఎవరి దారి వాళ్ళది. ఎందుకో చెప్పం. సామాన్లు ఒక్కొక్కటే బయటికి పోతుంటే ఇంట్లో మోత పెరుగుతూ వస్తుంది. పరుపు పోయాక ఒక మోత, బీరువా పోయాక ఒక మోత. చివరికి చెంచా కింద పడినా ఇల్లంతా మోగాలి. ఆఖరి చప్పుడు తాళం.

ఆలోచన నాది. ఆవులింత మాత్రం ఇద్దరం అనుకున్నాం అని మాస్టారికి చెప్పాడు. పోనీలే.

జూన్ 17

వస్తువుల గదిలో గడిపాను. పాత చెప్పులు, బూట్లు, ఇసుక తొట్టి, కంకర తొట్టి, కీళ్ళు ఊడిన తలుపులు, గొళ్ళేలు, చిరిగిన గొడుగులు. ఎవరైనా కొత్తవాళ్ళు చూస్తే పాత సామాన్ల కొట్టు అనుకుంటారు. నాటకంలో వినపడే ప్రతి అడుగూ, ప్రతి తలుపూ ఇక్కడ ఎవరో ఒకరు మైకు ముందు నిలబడి చేత్తో, కాలితో చేయాల్సిందే. దీన్నే ఫోలీ అంటాం.

వచ్చిన చిక్కేమిటంటే నిజం వస్తువు నిజంలా వినపడదు. బీరువా జరిపే చప్పుడు కోసం కాలేజీ స్టోరులోని బీరువానే జరిపాం. రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసినట్టుంది. చివరికి ఒక బరువైన చెక్క స్టూలును బోర్లించి, దాని మీద ఆవులింతను కూర్చోబెట్టి, నేల మీద లాగాను. బీరువా అంటే అదీ. "నా బరువుకు క్రెడిట్ ఇవ్వాలి" అన్నాడు వాడు. పేర్లు చదివేటప్పుడు, బీరువాగా నటించినవారు అని వేస్తానన్నాను.

ఈ హెడ్‌ఫోన్లకు ఎడమవైపు తక్కువగా వస్తోంది. స్టోరులో ఇచ్చి వేరేవి తెచ్చుకున్నాను.

జూన్ 18

ఇవి కూడా అంతే.

జూన్ 20

జలుబు చేసినట్టుంది. ఎడమ చెవి దిబ్బడ వేసింది.

భోజనాల దగ్గర తమ్ముడు, "అక్కా, అమ్మ నిన్నే ఏదో అడుగుతోంది" అన్నాడు. వినపడింది, ఆలోచిస్తున్నానన్నాను. అమ్మ నా వైపు చూసింది. ఏం అడిగావంటే ఏం లేదంది.

జూన్ 23

ఈరోజంతా అడుగులు. అక్క అడుగులు నేనే, చెల్లెలి అడుగులు నేనే. ఒకే జత బూట్లతో చేసి మాస్టారికి వినిపించాను. "ఇల్లు ఖాళీ చేస్తున్నది అక్కాచెల్లెళ్ళు కాదమ్మాయ్, నువ్వూ నువ్వూ" అన్నారు. నిజమే. ఇద్దరూ నాలాగే మడమ ముందు మోపి, తర్వాత కాలు ఈడుస్తున్నారు. నేను కాలు ఈడుస్తానని నాకే తెలియదు.

కాంటీను మెట్ల దగ్గర కూర్చుని వచ్చేపోయే వాళ్ళ కాళ్ళు చూశాను. ఒకావిడ మునివేళ్ళ మీద పరుగు లాంటి నడక నడుస్తోంది. ఆమె వెనకే వరండా చివరి దాకా వెళ్ళి, ఆమె తిరిగి చూస్తే నోటీసు బోర్డు చదివాను. చెల్లెలికి ఆ నడక పెట్టాను. కాళ్ళు వాచిపోయేదాకా చేశాను. ఇప్పుడు ఇద్దరు మనుషులు.

ఇంకో సంగతి. అడుగులు వేసేటప్పుడు చూసుకున్నాను, నా అడుగు చప్పుడు ఎడమ చెవిలోనే గట్టిగా వినిపిస్తోంది. కుడికన్నా గట్టిగా. కాబట్టి నా చెవికి ఏమీ లేదు. అనవసరంగా కంగారు పడ్డాను.

జూన్ 26

జలుబు తగ్గింది. దిబ్బడ తగ్గలేదు.

జూలై 1

రాయాలని లేదు. రాస్తాను.

ఈరోజు అందరి ముందూ మా నాటకం మొదటిసారి వేశారు. పెద్ద స్పీకర్ల మీద. ఒక నిమిషం కాకముందే క్లాసులో తలలు ఎడమవైపు తిరగడం మొదలైంది. మాస్టారు ఆపి, లేచి వెళ్ళి కుడి స్పీకరు వైరు చూసి వచ్చారు. మళ్ళీ వేశారు. మళ్ళీ ఆపారు.

"ఈ ఇంటికి ఎడమవైపు గోడ ఒక్కటే కట్టారా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అది తలుచుకుంటేనే ఇప్పుడు ఏడుపొస్తోంది.

"అన్నీ ఎడమవైపు అరుస్తున్నాయి. తలుపు, సామాను, అడుగులు. సరిగ్గా మధ్యలో ఉండాల్సిన అక్క కూడా కిటికీలోంచి దూకేసేలా ఉంది. వినలేదా నువ్వు?"

విన్నాను. నాకు అన్నీ వాటి వాటి చోట్ల ఉన్నాయి. అదే చెప్పాలనిపించింది, చెప్పలేదు.

పదో తారీకు దాకా గడువిచ్చారు. అప్పటికీ ఇలాగే ఉంటే మిక్సింగ్ ఆవులింతకు ఇస్తారట. స్టూడియో మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తక్కర్లేదు కూడా.

జూలై 2

స్పీకర్లు బాగానే ఉన్నాయి. హెడ్‌ఫోన్లు బాగానే ఉన్నాయి. స్టోరులో ఉన్న ఆరు జతలూ పెట్టుకుని చూశాను.

జూలై 4

చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఇంట్లో చెప్పలేదు, లైబ్రరీ అన్నాను.

నెమ్మదైన మనిషి. గాజు తలుపుల చిన్న గదిలో కూర్చోబెట్టి, కూత వినపడినప్పుడల్లా మీట నొక్కమంది. పరీక్షంటే నాకు పౌరుషం. వినపడనివి కూడా వినపడ్డాయని నొక్కాను. ఆమె బయటి నుంచి గాజు మీద తట్టి, "ఇంకా ఏమీ వేయలేదు, ఆగండి" అంది.

తర్వాత రెండు కొమ్ముల ఇనప కడ్డీని మోకాలికి కొట్టి, అది జుమ్మని మోగుతుండగా దాని కాడ నా నుదుటి మధ్య ఆనించింది. ఏ పక్క వినిపిస్తోందని అడిగింది. ఎడమపక్క. గట్టిగా. నాకు ప్రాణం లేచొచ్చింది. "చూశారా, ఎడమ చెవే బాగుంది" అన్నాను.

"అది బాగుండకపోతేనే అలా వినిపిస్తుందమ్మా" అంది.

చెవిలో చిన్న ఎముక ఉంటుందట. బయటి చప్పుడు లోపలికి పోవాలంటే అది కదలాలి. నాది బిగుసుకుపోతోంది. ఎముకల్లోంచి వచ్చే చప్పుడు మాత్రం ఆ చెవికే ఎక్కువ తెలుస్తుంది. నా అడుగులు, నేను నమిలే చప్పుడు, నా గొంతు. ఇలాంటి వాళ్ళకు తమ గొంతు తమకు పెద్దగా వినిపిస్తుంది కాబట్టి రానురాను మెల్లగా మాట్లాడతారట. ఆపరేషన్ ఉంది, మిషను ఉంది, తొందరేమీ లేదు, కుడి చెవి ప్రస్తుతానికి బాగుంది. ప్రస్తుతానికి అనే మాట ఆమె వాడింది, నేను కాదు.

"ఇది ఇళ్ళల్లో వస్తుంటుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?"

లేదన్నాను. మా ఇంట్లో అందరి చెవులూ బాగానే పనిచేస్తాయి, మాట వినడమే ఉండదు.

మళ్ళీసారి పెద్దవాళ్ళను తీసుకురమ్మంది. సరేనన్నాను. తీసుకెళ్ళను. చెబితే మాస్టారు జాలిపడతారు, అమ్మ ఏడుస్తుంది, స్టూడియో ఇంకొకరికి పోతుంది. పదో తారీకు దాటనీ.

జూలై 5

ఏడ్చాను. అయిపోయింది. పని చూసుకోవాలి.

జూలై 6

ఎడమ చెవి చెప్పేది అబద్ధమని తెలిశాక పని తేలికైంది. దాని మాట నమ్మకపోతే సరి.

ఏం చేస్తున్నానంటే, మొదట అన్నీ ఒకే స్పీకరులో కలిపేసి కుడి చెవితో వింటున్నాను. ఏది ఎంత గట్టిగా ఉండాలో అక్కడ తేలిపోతుంది. తర్వాత రెండు వైపులకూ పంచేటప్పుడు చెవిని అడగను, స్క్రీను మీద ఎక్కి దిగే మీటర్లను అడుగుతాను. చివరగా హెడ్‌ఫోన్లు తిరగేసి పెట్టుకుని ఎడమవైపుది కుడి చెవితో వింటాను. తర్వాత మామూలుగా పెట్టుకుని కుడివైపుది అదే చెవితో. పాపం దానికి రెట్టింపు చాకిరీ.

ఆవులింత చూశాడు. "హెడ్‌ఫోన్లు తిరగేసి పెట్టుకున్నావు."

"తెలుసు."

"నాకు కూడా ఒకటి తెలుసు. నేను నీ ఎడమపక్క కూర్చుంటే నాతో మాట్లాడవు. నెల నుంచి. ఆ బీరువా క్రెడిట్ గురించి కోపమేమో అనుకున్నా." వాడు కుర్చీ ఎత్తుకుని వచ్చి నా కుడిపక్క వేసుకున్నాడు. "ఇప్పుడు చెప్పు."

చెప్పాను. ఎవరికైనా చెప్పడం అదే మొదలు. వాడు ఆవులించకుండా విన్నాడు. చివరికి, "పోనీ మిక్సింగ్ నేను చేసి నీ పేరు పెట్టనా?" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. ముట్టుకున్నావంటే నీ పేరు ఇంతకన్నా దారుణంగా మారుస్తానన్నాను. నవ్వాడు. సాయంత్రం దాకా పక్కనే కూర్చుని, నేను మీటర్లు చూసి పెట్టిన ప్రతి చప్పుడూ తన చెవులతో విని తల ఊపడమో అడ్డంగా ఆడించడమో చేశాడు.

సగం అడ్డంగానే ఆడించాడు. రేపు మళ్ళీ చేస్తాం.

జూలై 8

సామాన్లు మోసే భాగం కుదిరింది. వాడు ఒక్కసారే తల అడ్డంగా ఆడించాడు. అది కూడా ఈగ వాలినందుకేనట.

అక్కాచెల్లెళ్ళు దుప్పటి మడిచే చోటు ఒకటి మిగిలింది. స్టోరులోని దుప్పట్లతో చేస్తే కాగితం నలిపినట్టుంది. దుప్పటి దులిపి మడతపెట్టడం అమ్మలా ఎవరికీ రాదు, లాండ్రీలో రోజంతా చేసే పని అదే. ఎల్లుండే గడువు. రేపు అమ్మకు సెలవు. ఇంట్లోనే రికార్డు చేస్తాను.

జూలై 9

అమ్మను గది మధ్యలో నిలబెట్టాను. ఎదురుగా మైకు. నేను ఆమెకు ఎడమపక్క, నాలుగడుగుల వెనక, హెడ్‌ఫోన్లతో నేల మీద కూర్చున్నాను. తమ్ముడిని నోరెత్తవద్దని చెప్పి కుడిపక్క మంచం మీద కూలేశాను.

మొదటి దుప్పటి అద్భుతంగా వచ్చింది. దులిపితే గాలి చప్పుడు, మడతకు మడత ఒక మెత్తని దెబ్బ. ఇంకోసారి కావాలి. మైకు నడుస్తోంది కాబట్టి మెల్లగా, "అమ్మా, ఇంకోసారి" అన్నాను. ఆమె మడిచిన దుప్పటి పక్కన పెట్టి దిండు గలీబు తీసుకుంది. మళ్ళీ అన్నాను. గలీబు దులిపింది. మూడోసారి కాస్త చిరాగ్గా అన్నాను. ఉలుకూ పలుకూ లేదు. పొద్దున టిఫిను తినకుండా లేచానని కోపమేమో అనుకున్నాను. అంతలో తమ్ముడు మంచం మీద నుంచి గుసగుసగా "ఆకలి" అన్నాడు. అమ్మ వెంటనే వాడి వైపు తిరిగి, "ఐదు నిమిషాలు ఆగు" అంది.

ఆపేసి, తీసింది వినడానికి కూర్చున్నాను. కుడి చెవితో. రికార్డింగులో నా గొంతు స్పష్టంగా ఉంది. మూడుసార్లూ ఉంది. తమ్ముడి గుసగుస నా మాటకన్నా చిన్నది. దానికి అమ్మ పలికింది.

మళ్ళీ విన్నాను. మళ్ళీ విన్నాను.

అమ్మ ఫోను ఎప్పుడూ కుడి చెవికే పెట్టుకుంటుంది. నాన్నతో నడిస్తే ఎప్పుడూ ఆయనకు ఎడమపక్కనే. ఎప్పుడూ మెల్లగానే మాట్లాడుతుంది. బట్టల మిషను ఆగిందో లేదో చెయ్యి ఆనించి చూస్తుంది. ఇన్నేళ్ళూ చూస్తూనే ఉన్నాను. పదిమందిలో మంచి చెవి నాదట.

వంటగదిలోకి వెళ్ళి ఆమె కుడిపక్కన నిలబడ్డాను.

"ఎడమ చెవి ఎప్పటి నుంచి వినపడదు నీకు?"

అమ్మ గరిటె కింద పెట్టింది. కాదనలేదు.

"నువ్వు పుట్టిన ఏడాది మొదలైంది. తమ్ముడు పుట్టాక ఇంకాస్త."

"నాన్నకు తెలుసా?"

"ఆయన మాట వినపడకపోవడం అంటూ ఎప్పుడైనా ఉందా? ఎందుకు తెలుస్తుంది?"

"మరి ఎందుకు చెప్పలేదమ్మా? ఎవరికీ?"

"చెబితే ఏముంది. మిషన్ల దగ్గర చెవి వినపడనిదాన్ని ఉంచరేమోనని లాండ్రీలో చెప్పలేదు. అక్కడ చెప్పనిది ఇంట్లో చెబితే మీ నాన్న గొంతులో ఊరంతా తెలుస్తుంది." పొయ్యి చిన్నది చేసింది. "నువ్వెందుకు చెప్పలేదు?"

"ఏమిటి?"

"ఆ గోడవైపు కుర్చీ నాదే. పదేళ్ళుగా నాదే. కిందటేడు దాకా నువ్వు దానివైపు చూసేదానివి కూడా కాదు. ఉన్నట్టుండి నీకెందుకు కావాల్సి వచ్చింది?"

నా చెయ్యి ఎడమ చెవి మీదికి పోయింది.

"అందుకే మళ్ళీ అందులో కూర్చోవడం మొదలుపెట్టాను. నేను అక్కడ కూర్చుంటే నువ్వు నా పక్కన కూర్చుంటావు, నేను నీకు ఎడమపక్క అవుతాను. రోజూ మెల్లగా నిన్ను పిలిచేదాన్ని. ఈరోజు తిరుగుతుంది, ఈరోజు తిరుగుతుంది అని చూసేదాన్ని. నువ్వు తినేసి లేచిపోయేదానివి." అమ్మ పమిటతో కళ్ళు తుడుచుకుంది. "నా పోలిక నీకు వేరే ఏదైనా రావచ్చుగా. అడిగితే నిజమైపోతుందని భయమేసిందే. ఎన్నిసార్లు అడగబోయి మానుకున్నానో."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఒకే సంగతి ఒకరి దగ్గర ఒకరు దాచుకుని, కుర్చీ కోసం పోటీ పడ్డాం. కోపంలోనే ఆమెను పట్టుకుని ఏడ్చాను. తమ్ముడు వాకిట్లో నిలబడి, "ఐదు నిమిషాలు అయిపోయాయి" అన్నాడు.

జూలై 10

పొద్దున్నే మాస్టారి గదికి వెళ్ళాను. కాగితాలు చూస్తున్నారు. ఆయనకు ఎడమ చేతి వైపు వెళ్ళి నిలబడితే నా కుడి చెవి అటు వస్తుంది. అలాగే నిలబడి అంతా చెప్పాను. మధ్యలో ఆగితే మళ్ళీ చెప్పలేనని ఆగలేదు.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "మంచి చెవి అన్నాను గానీ, రెండు చెవులు అని నేనెప్పుడన్నాను" అన్నారు.

తర్వాత కొత్త మిక్సింగ్ వేయమన్నారు. కళ్ళు మూసుకుని విన్నారు. తల ఎటూ తిరగలేదు. నాటకం బాగుందని గానీ బాగాలేదని గానీ చెప్పలేదు. "స్టూడియోవాళ్ళు అడిగితే నేను దాచను. అది గుర్తుపెట్టుకో" అన్నారు.

"దాచొద్దండి" అన్నాను. "నేనే చెబుతాను."

మిక్సింగ్ నాకే ఉంచారు. దుప్పటి ఘట్టంలో ఒక మార్పు చేస్తానని అడిగి మరో రెండు రోజులు తీసుకున్నాను.

జూలై 11

అక్క దుప్పటి మడుస్తుంటుంది. అవి అమ్మ మడతలే. ఎడమపక్క నుంచి, కాస్త వెనక నుంచి, చెల్లెలు మెల్లగా "అక్కా" అంటుంది. దుప్పటి చప్పుడు ఆగదు. ఇంకోసారి "అక్కా". ఇంకోసారి. అంతే. పది వాక్యాల్లో మూడు దానికే పోయాయి. ఆవులింత అడ్డుపడ్డాడు, తర్వాత విని తల ఊపాడు.

"అక్కకు కోపం అనుకుంటారు వినేవాళ్ళు" అన్నాడు.

అనుకోనీ. నేనూ అలాగే అనుకున్నాను.

జూలై 13

దీపాలు ఆర్పేశారు. చీకట్లో కూర్చుని విన్నాం అందరం. నేను వెళ్ళి ఎడమ చివరి కుర్చీలో కూర్చున్నాను. అది ఇకనుంచి నా చోటు, ఏ హాల్లోనైనా.

పరుపు బయటికి పోయింది. ఇంటి మోత మారింది. ఆవులింత బీరువా బయటికి పోయింది. ఇంకా మారింది. చెల్లెలు మూడుసార్లు పిలిచింది. నా ముందు వరసలో ఎవరో ఊపిరి బిగపట్టారు. ఖాళీ ఇంట్లో ఇద్దరి అడుగులు, ఒకరిది మడమ, ఒకరివి మునివేళ్ళు. తలుపు. తాళం. ఆ తర్వాత బయట వీధి. ఎవరి తలా ఎటూ తిరగలేదు. అది నేను చీకట్లోనే చూసుకున్నాను.

స్టూడియో నుంచి వచ్చిన పెద్దాయన దీపాలు వెలిగాక రెండు ప్రశ్నలు అడిగాడు. అడుగులు ఎవరు చేశారు. మిక్సింగ్ ఎవరిది. రెండింటికీ లేచి నిలబడ్డాను. ఎడమ చెవి సంగతి కూడా అక్కడే చెప్పాను, అందరి ముందూ, గట్టిగా. నా గొంతు నాకే పెద్దగా వినపడింది, అయినా తగ్గించలేదు. ఆయన మాస్టారి వైపు చూశాడు. మాస్టారు భుజాలు ఎగరేశారు.

ఆ చోటు ఇంకో జట్టువాడికి ఇచ్చారు. వాడి మిక్సింగ్ బాగుంది, కాదనను. నాకు మాత్రం, "సోమవారం రా. ముందు ఫోలీలో నడువు. మిక్సింగ్ గదిలో కూడా కూర్చో, చూద్దాం" అన్నాడు. చూద్దాం అంటే కాదని కాదు. అయినా ఊరుకోనని మొదటిరోజే రాసుకున్నాను. సోమవారం వెళ్తాను. ఆ మిక్సింగ్ గదిలోంచి నన్ను లేపడం అంత సులభం కాదని వాళ్ళకు ఇంకా తెలియదు.

జూలై 14

అమ్మ నాటకం వింటానంది. హెడ్‌ఫోన్లు పెట్టి, రెండు వైపులదీ ఆమె కుడి చెవిలోకి వచ్చేలా కలిపి ఇచ్చాను. కళ్ళు మూసుకుని విన్నది. దుప్పటి దగ్గర ఆమె చేతులు ఒళ్ళో వాటంతటవే మడత పెట్టాయి.

అయ్యాక మొన్నటి అసలు రికార్డింగు వినిపించాను. ఆమె దుప్పటి దులపడం, నేను వెనక నుంచి పిలవడం. అమ్మా, ఇంకోసారి. అమ్మా, ఇంకోసారి. మూడోది వినగానే అమ్మ కళ్ళు తెరిచి ఎడమవైపు తిరిగి చూసింది. అక్కడ ఎవరూ లేరు, గోడ ఉంది.

"ఇన్నిసార్లు పిలిచావా?" అంది.

"నువ్వు నన్ను ఎన్నిసార్లు పిలిచావు?"

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. వచ్చే వారం ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. నాన్నకు చెప్పాం. ఆయన ఇంట్లో మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడాడు. మా ఇద్దరికీ ఒక్క ముక్క వినపడలేదు. మామూలుగానే అరవమని బతిమాలాం.

భోజనాలకు వెళ్ళేసరికి గోడవైపు కుర్చీ ఖాళీగా ఉంది. అమ్మ పక్కన నిలబడి, నన్ను కూర్చోమని కళ్ళతో చూపించింది. నేను బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, తమ్ముడిని లేపి, వంటగది వాకిలి పక్క కుర్చీలో కూర్చున్నాను. అక్కడి నుంచి కూడా ఎడమపక్క ఎవరూ ఉండరు. నాన్న కుడిపక్కన, తమ్ముడు ఎదురుగా, గోడవైపు కుర్చీలో అమ్మ మూలగా, ఎవరూ నా ఎడమకు రారు. అమ్మకూ అంతే. ఇన్నాళ్ళూ ఇది మా ఇద్దరికీ తట్టలేదు. ఎవరూ కోరుకోని కుర్చీ కదా, అటు చూడలేదు.

తమ్ముడు తన అదృష్టాన్ని నమ్మలేక మాట మార్చుకోనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

సగం భోజనం అయ్యాక అమ్మ పళ్ళెంలోకి చూస్తూ, పెదవులు కదిలీ కదలకుండా, ఎవరితోనూ కాదన్నట్టు, "నీళ్ళు" అంది.

లేచి తెచ్చాను.